డ్రమ్ము వంచినాక

సరళ మోకాళ్ల మీద కూర్చుని, వంటింటి జాలాడిలో పూడిపోయిన మురికినీళ్ల గొట్టంలోకి ఇనుప కమ్మీ పొడిచి లాగింది. కొనకు బూడిద ముద్ద అంటుకుని వచ్చింది.

"ఏందే అది?" అంది అత్త బయమ్మ.

"నువ్వు గిన్నెలు తోమే బూడిదే అత్తా. నీళ్లు మిగలాలని చెంబుడు నీళ్లతోనే కడుగుతావు కదా. అది కొట్టుకుపోలేక లోపల గట్టిపడినాది."

"అంటే నేనే పూడ్చినానంటావా?"

సరళ మళ్లీ కమ్మీ పొడిచింది; అది దిగలేదు. ఆదివారం దాకా కొళాయి రాదు. తాగడానికైనా కడగడానికైనా ఇంట్లో ఉన్నది ఒక్క డ్రమ్మే.

బయమ్మ దాని మూత తీసింది. "పట్టు. గట్టిగా పోస్తే అదే తోసుకుపోతాది."

"పోకుంటే అత్తా?"

"నా బతుకంతా నీళ్లు దాయడానికే సరిపోయినాది. ఈ ఒక్క తూరి పోనీ."

ఇద్దరూ కలిసి డ్రమ్ము వంచారు. గొట్టంలోకి దిగిన నీళ్లు గుడగుడమని, బూడిద రంగు తిరిగి పైకి తన్ని, వంటింటి నిండా నిలబడ్డాయి.

సరళ తిట్లకు సిద్ధపడింది. బయమ్మ మాత్రం నేల మీద చతికిలబడి, ఆ మురికినీళ్లను దోసిళ్లతో బకెట్లోకి ఎత్తిపోస్తోంది.

"అవి ఇంక దేనికీ పనికిరావత్తా."

"తెలుసులేవే," అంది బయమ్మ, ఆగకుండానే. "చేతులు ఊరుకోకుండా ఉండాయి."

సరళ బకెట్టును ఆమె దగ్గరికి జరిపింది.