పైకి చదవండి

“నిజం చెప్పండి బాబాయ్ గారూ, మా యాప్‌ని ఎందుకు వదిలేశారు?”

పొద్దుటి నుంచీ ఆ పేమెంట్ యాప్ కంపెనీ అమ్మాయి తిరిగిన కొట్లన్నీ మళ్లీ వాళ్ల యాప్‌కే వచ్చేశాయి. మిగిలింది ఈ టైలరింగ్ కొట్టొక్కటే. దీన్నీ తిప్పుకుంటే ఆమె ఉద్యోగం పర్మనెంటు.

“ఆయన్నే గట్టిగా అడుగమ్మా. మార్చింది ఆయనే, నాకూ కారణం చెప్పలేదు,” అంది టైలరమ్మ, మిషను మీంచి తలెత్తకుండానే. వీధిలో పిల్లల్నుంచి ముసలాళ్ల దాకా అందరికీ ఆవిడ టైలరమ్మే.

ఆవిడ భర్త స్టూలు మీద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ కొట్లో ఆయన వాటా గుండీలు, కబుర్లు. కత్తెర ముట్టుకుంటే టైలరమ్మ ఊరుకోదు.

“కొత్త యాప్ వాళ్లు క్యాష్‌బ్యాక్ ఎక్కువిచ్చారా?”

“చిల్లిగవ్వ ఇవ్వలేదు.”

“పోనీ స్పీడా?”

“నత్తనడక. డబ్బు పడిందని అది చెప్పేలోపు నేను రెండు గుండీలు కుట్టేస్తా.”

“మరి దాన్నే పట్టుకుని వేలాడటం ఎందుకండీ?”

“మీ ఆఫీసుకి రెండుసార్లు వచ్చి ఓ చిన్న మార్పు చెయ్యమన్నా. ‘ఇన్నేళ్లూ బాగానే నడిచిందిగా, ఇప్పుడెందుకూ’ అని పంపించేశారు.”

“ఏం మార్పు?”

ఇంతలో గౌను కోసం ఒకావిడ వచ్చింది. తొడుక్కుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది. డబ్బు కట్టడానికి ఫోను తీసి స్కాన్ చేసింది. ఆయన సూది ఆపాడు.

“పేరొచ్చిందా? ఒకసారి పైకి చదవండమ్మా. అందరికీ వినపడాలి.”

ఆవిడ చదివింది. మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

కంపెనీ అమ్మాయికి విషయం దొరికినట్టే అయింది. “ఓహో, డబ్బు ఇంకెవరికో పోతుందని భయమా! మా యాప్‌లోనూ పేరు వస్తుందండీ!”

“వస్తుంది, తెలుసు.” ఆయన తాడు మీద వేలాడుతున్న బట్టలకేసి చెయ్యి చాపాడు. “కొలతలు తీసేదీ, కత్తిరించేదీ, కుట్టేదీ మా ఆవిడే. ఒక్క కుట్టు వంకరగా ఉంటే చూపించు! నావి ఉత్త గుండీలు.”

ఆ మాటలంటుంటే ఆయన ముఖం గర్వంతో వెలిగిపోయింది. మిషను మళ్లీ ఆగింది. టైలరమ్మ ఈసారి తలెత్తి భర్తని చూసింది.

“అయితే ఇబ్బందేంటి బాబాయ్ గారూ?”

“మీ యాప్‌లో వచ్చేది నా పేరు.”