అత్తగారి గుమ్మడి మసాలా

"ఇందులో మందుల షాపు వాసన తప్ప మరేం లేదు," అంటూ గిల్మోర్ కప్పు పక్కకి నెట్టేశాడు.

అది సిన్సినాటిలో రుచులు తయారుచేసే కంపెనీ. ఆకులు రాలే కాలంలో జనం కాఫీలో వేసుకునే గుమ్మడి మసాలాను అక్కడ మే నెల ఉక్కలోనే సిద్ధం చేయాలి. పేరుకే గుమ్మడి, అందులో ఉండేది దాల్చినచెక్క, జాజికాయ, లవంగం, శొంఠి వాసనలే. అక్కడ గిల్మోర్ చేతికింద పనిచేసే కెండ్రా ఏడాదికి మూడొందల రకాలు కలుపుతుంది. నిన్న కలిపింది ఇవాళ గుర్తుండదు.

"తాగితే నానమ్మ వంటిల్లు గుర్తుకు రావాలమ్మా," అన్నాడు గిల్మోర్. "శుక్రవారంలోగా తేలేకపోతే ఈ పని కర్టిస్‌కి ఇచ్చేస్తాను."

కర్టిస్ నిన్నగాక మొన్న చేరినవాడు. కెండ్రాకి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం అభిమానం చంపుకుని అత్తగారి గుమ్మం తొక్కింది. కొన్నేళ్ళుగా చర్చి పండగలో బెర్నడీన్ పెట్టే మసాలా కాఫీ కోసం వీధి చివరిదాకా వరస ఉంటోంది. అందులో వేసే పొడి గుట్టు కన్నకొడుక్కి కూడా చెప్పలేదావిడ.

"మా అమ్మమ్మ బవేరియా నుంచి ఓడలో వస్తూ మూటగట్టుకొచ్చిన పాళ్ళివి," అంది బెర్నడీన్. "అంత చదువు చదివి, చివరికి నా వంటింటికే వచ్చావన్నమాట."

"వచ్చాను అత్తయ్యా. ఒక్క చెంచాడు పెట్టండి, చాలు."

ఆవిడ సరిగ్గా చెంచాడు కొలిచి, పొట్లం కట్టి ఇచ్చింది.

మర్నాడు గిల్మోర్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. రెండో గుక్కకి ఆ కళ్ళు తడిశాయి.

"ఇదీ ఇంటి రుచంటే. ల్యాబులో కూర్చుని నువ్వు ఏడు జన్మలెత్తినా చేయలేవు. ఆవిడ కాళ్ళు పట్టుకుంటావో, గడ్డం పట్టుకుంటావో, ఆ పాళ్ళు మాత్రం పట్టుకురా."

కెండ్రా మళ్ళీ పరుగెత్తింది. ఈసారి బతిమాలింది. ఆవిడ వినకపోయేసరికి ఉద్యోగం సంగతంతా చెప్పి ఏడ్చేసింది. కోడలి కన్నీళ్ళు చూశాక బెర్నడీన్ మెత్తబడింది. లేచి వీధి తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించింది.

"మీ ఆయనతో కూడా అనకు. మా అమ్మమ్మకి కాఫీ కాచడమే రాదు. నాకా పాళ్ళేమిటో తెలిస్తే ఒట్టు."

"మరి ఆ పొడి ఎక్కడిది అత్తయ్యా?"

"మీ గిల్మోర్ వద్దన్నాడని మూడేళ్ళ కిందట నువ్వు నా చెత్తబుట్టలో పారేసిన సీసాలోదే."