ఫోన్లు ఆపేసిన రెండు రోజులు

సోమవారం పొద్దున విమానం ఎక్కేదాకా పురీటా ఫోన్ మోగకూడదు. అంపారోకి అప్పజెప్పిన పని అదే.

శుక్రవారం సాయంత్రం నార్సిసా అక్క ఫోన్ చేసి చెప్పింది. హాంకాంగ్ ఇళ్లల్లో పనిచేసే తమ ఊరి ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్దదిక్కు. ఫిలిప్పీన్స్‌లో, ఊళ్లో, పురీటా కొడుకు రామిల్ పోయాడట. లారీ గుద్దేసిందట. హాంకాంగ్‌లో చంద్రుడి పండగ రద్దీ వల్ల సోమవారం దాకా విమానంలో చోటు దొరకలేదట.

"దానికి వాళ్ల అత్తకి జబ్బని మాత్రమే చెప్పాను. ఈ రెండ్రోజులూ ఊరంతా తిప్పు. నవ్వించు. ఒంటరిగా వదలకు. నువ్వూ దాంతోపాటే ఊరెళ్లాలి. మీ మేడంతో నేను మాట్లాడాన్లే," అంది.

చావు కబురు పరాయి దేశంలో ఉన్న మనిషికి ఫోన్లో చెప్పరు. ఈ ఆడవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. జబ్బని చెప్పి, చుట్టూ మనుషుల్ని పెట్టి, తీసుకెళ్లి అయినవాళ్ల చేతుల్లో పెట్టాకే అసలు మాట. అంపారో ఇదివరకు ఇద్దరిని అలా దిగబెట్టి వచ్చింది.

రామిల్‌ని చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగింది ఆమె. ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే, నా జెస్సా కాదు కదా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కూతురి గొంతు వినాలనిపించి ఇంటికి చేస్తే మొగుడు ఎత్తలేదు, జెస్సా ఎత్తలేదు. పక్కిల్లే కదా, అందరూ పురీటా ఇంట్లోనే ఉండి ఉంటారు.

మేడం సంగతి మరీ వింత. కూరలో ఉప్పు ఎక్కువైందని రోజూ సణిగే మనిషి, పండగ మిఠాయి పెట్టె చేతిలో పెట్టి, నెల్లాళ్లు ఉండి రమ్మంది. ఎంతటి వాళ్లకైనా ఎక్కడో జాలి ఉంటుందని అంపారో నమ్మేసింది.

శనివారం పొద్దున పడవల రేవు దగ్గర కలుసుకున్నారు. పురీటా ఎర్ర జాకెట్టు తొడుక్కుని, పెదాలకి రంగేసుకుని వచ్చింది. కళ్లు మాత్రం ఉబ్బిపోయి ఉన్నాయి. తను చూసుకునే పసివాడు తెల్లవార్లూ ఏడ్చాడని, నిద్ర లేదని చెప్పింది.

ఫోన్ సంగతి ఎలా ఎత్తాలా అని అంపారో తంటాలు పడుతుంటే, పురీటాయే ఎత్తింది.

"ఈ రెండ్రోజులూ ఫోన్లొద్దే బాబూ. పొద్దస్తమానం దాంట్లోనే మొహం పెట్టుకుని చస్తున్నాం. నీదీ ఇలా ఇవ్వు."

రెండూ ఆపేసి తన సంచిలో పడేసింది. దేవుడే దిగొచ్చి తన నెత్తిన బరువు దించాడనుకుంది అంపారో.

పడవెక్కారు. కొండ మీదికి వెళ్లే రైలెక్కారు. వేడి వేడి నూడుల్స్ తిన్నారు. పార్కులో కాగితం దీపాలు కడుతుంటే చూశారు. జన్మలో వాగనంత వాగింది అంపారో. మేడం నడకని అనుకరించి చూపించింది, పడవలో కొత్తవాళ్లు కూడా నవ్వారు. పురీటా కూడా నవ్వింది, కాకపోతే ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగా.

బజారులో తెల్ల బూట్లు కనిపించాయి. బడిలో డాన్సుకి కావాలని జెస్సా ఎన్నాళ్ల నుంచో ప్రాణం తీస్తోంది.

"దాని కాలికి ఏడో నంబరు సరిపోతుందంటావా?"

పురీటా గోడవైపు తిరిగి నిలబడింది. అంపారో నాలిక కరుచుకుంది. ఏ తల్లి ముందు నిలబడి ఎవరికి బూట్లు కొంటున్నాను, ఇదేం పాడు బుద్ధి అని తిట్టుకుంది. కొనడం మాత్రం కొనేసింది.

ఆదివారం, ఎప్పటిలాగే, పెద్ద బ్యాంకు భవనం కింద అట్టలు పరుచుకుని అందరూ చేరారు. పురీటా పుట్టినరోజుకి ఇంకా పది రోజులుంది. కానీ మళ్లీ ఎప్పుడు నవ్వుతుందో ఏమో, ఇప్పుడే చేసేద్దామని నార్సిసా అక్క అంది. కేకు, సేమ్యాల వంటకం, కాల్చిన పంది మాంసం, పాటలు. దేనికీ లోటు లేదు.

వచ్చిన ప్రతి మనిషీ ముందు అంపారోని గట్టిగా వాటేసుకుంది. పుట్టినరోజు మనిషి దగ్గరికి తర్వాత వెళ్లింది. పాపం, పురీటా మొహం చూసే ధైర్యం వీళ్లకి లేదు అనుకుంది అంపారో. ఒకతె భుజం మీద తల పెట్టి వెక్కితే, చెవిలో గదమాయించింది. "ఏడుపాపవే. దానికి తెలిసిపోతుంది."

మధ్యాహ్నం పన్నెండింటికి అందరూ ఇళ్లకి ఫోన్లు చేసుకునే వేళ. ఆ రోజు ఒక్కరూ ఫోన్ బయటికి తియ్యలేదు. ఎంత మంచివాళ్లే వీళ్లు అని అంపారో మనసు నిండిపోయింది.

పురీటా కేకు కోసి మొదటి ముక్క అంపారో నోట్లో పెట్టింది.

"నూరేళ్లు బతకవే," అంది అంపారో.

"నువ్వు బతకాలే. ముందు నువ్వు బతకాలి," అంది పురీటా.

సోమవారం విమానంలో అంపారో కళ్లు మూసుకుని మాటలు కూర్చుకుంది. ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి అదే మాట దగ్గరికి వస్తోంది. నా బలంలో సగం తీసి దీనికివ్వు తండ్రీ అని మొక్కుకుంది. పురీటా ఆమె చెయ్యి పట్టుకుంది, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా.

"అంపారో, దిగాక నా చెయ్యి వదలకు."

కనిపెట్టేసింది, పిచ్చితల్లి. అంపారో ఆ చేతి మీద రెండో చెయ్యి వేసింది. "వదల్నే," అంది.

తమ ఊరికి దగ్గర్లోని పట్నం ఇలోయిలోలో దిగారు. ఊరివాళ్లు బండి కట్టించుకుని వచ్చి బయట ఎదురుచూస్తుంటారని నార్సిసా అక్క ముందే చెప్పింది. వాళ్ల మొహాలు పురీటా ఒక్కసారిగా చూసి తట్టుకోలేదని, అంపారో ఆమెని తన వెనక్కి నెట్టి ముందు నడిచింది.

అద్దాల తలుపు తెరుచుకుంది. ఎదురుగా, నల్ల చొక్కాల గుంపుకి ముందు, అంపారో మొగుడు కూలిపోకుండా రెండు చేతులా పట్టుకుని రామిల్ నిలబడి ఉన్నాడు.