మోషే సార్‌కు కాపలా

"సార్, ఆ చెయ్యి జేబులకెళ్లి బయటికి తియ్యండ్రి," అన్నాడు రవీందర్.

మేనేజర్ మోషే సార్ బుద్ధిగా చెయ్యి తీశాడు. అందులో లవంగం తప్ప ఏమీ లేదు. దాన్ని నోట్లో వేసుకుని, లిఫ్టు వైపు ఆశగా ఓ చూపు చూసి, మళ్లీ కంప్యూటర్‌లో తలదూర్చాడు. కాపలా మొదలై అది మూడో రోజు.

ఆయన ఈ టీముకు వచ్చి నెల కూడా కాలేదు. వచ్చిన రెండో వారంలోనే రవీందర్‌నీ, యజ్ఞనారాయణనీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఇద్దరూ చెరో గోడా చూస్తూ నిలబడ్డారు.

"సిగరెట్ మానాలె తమ్మీ. ఒక్కనితోని అయితలేదు. నలభై రోజులు నన్ను మీరే కాయాలె. మా బైబిల్ల గూడ అన్నీ నలభైలే," అన్నాడాయన దీనంగా.

పొద్దున కాపలా రవీందర్‌ది. భోజనం తరవాత యజ్ఞనారాయణది. మధ్యలో అప్పగింత.

"నేను ఎన్నిసార్లు లేచిన, ఏం పెట్టి ఆపిన్రు, అన్నీ ఒకరికొకరు చెప్పుకోవాలె. మెయిల్‌ల మాత్రం రాయొద్దు. ఎవరన్న చూస్తె నా ఇజ్జత్ పోతది."

చిక్కు అక్కడే వచ్చింది. రవీందర్‌కీ యజ్ఞనారాయణకీ మాటల్లేక ఆరు నెలలైంది.

అంతకుముందు, తెల్లాపూర్‌లో రవీందర్ తల్లి పార్వతమ్మ సర్వపిండి చేసి డబ్బా కడితే సగం యజ్ఞనారాయణే లాగించేవాడు. తరవాత తెలంగాణ ఉద్యమం హైటెక్ సిటీ క్యాంటీన్ల దాకా వచ్చింది. ఓ రోజు భోజనాల దగ్గర మాటకు మాట పెరిగింది. "నచ్చకుంటే మూట సదురుకో" అన్నాడు రవీందర్. "మేం రాకముందు ఇక్కడ బండరాళ్లు తప్ప ఏమున్నాయి" అన్నాడు యజ్ఞనారాయణ. ఇక అంతే. పక్కపక్క కుర్చీల్లో ఎడమొహం, పెడమొహం. చిన్న ఫైలు కావాలన్నా 'డియర్ సర్' అంటూ మెయిల్. నాలుగడుగుల దూరానికి ఆ ఉత్తరం ఏయే దేశాలు తిరిగి వచ్చేదో దేవుడికెరుక.

డబ్బా ఒక్కడూ తింటుంటే రవీందర్‌కి ముద్ద దిగేది కాదు. అయినా తానే ముందు పలకరించడానికి మనసొప్పలేదు.

మొదటి అప్పగింత స్తంభానికి చెప్పినట్టు చెప్పాడు.

"నాలుగుసార్లు లేచిండు. లవంగం ఇచ్చిన."

"సరేనండి," అన్నాడు యజ్ఞనారాయణ కిటికీ వైపు చూస్తూ.

ఆ 'అండి' రవీందర్‌కి చురుక్కున తగిలింది.

కానీ మోషే సార్ రెండు మాటలతో తెమిలే మనిషి కాదు. ఓ పూట మీటింగులోంచి మాయమయ్యాడు. ఇద్దరూ చెరో మెట్లదారీ దిగి వెతికారు. కింద సక్కుబాయి చాయ్ బండి దగ్గర దొరికాడు. సిగరెట్టు తిరగేసి నోట్లో పెట్టుకుని, ఫిల్టర్ వైపు అగ్గిపుల్ల పట్టుకుని నిలబడ్డాడు. పుల్ల కూడా ఇంకా గీయలేదు.

"తలకాయ పనిచేస్తలేదు పాపం, ఉల్టా పట్టిండు!" రవీందర్ లాగేశాడు.

"నరాలు పీకేస్తున్నట్టున్నాయి రా," అన్నాడు యజ్ఞనారాయణ.

'రా' అనేశాక నాలుక కరుచుకున్నాడు. రవీందర్ విననట్టే నటించాడు. కానీ ఆ మధ్యాహ్నమంతా తనకే తెలియకుండా ఈల వేస్తూ పని చేశాడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. కూకట్‌పల్లి నుంచి రావాల్సిన యజ్ఞనారాయణ రాలేదు.

"అయితే ఇయ్యాల అన్నం తిన్నంక కాపలా లేనట్టే," అన్నాడు మోషే సార్ చేతులు రుద్దుకుంటూ.

రవీందర్ పళ్లు నూరుతూ బండి తీశాడు. సమ్మె తనదే. బండి ముందు 'జై తెలంగాణ' స్టిక్కర్ కూడా తనదే. ఆ బండి వెళ్లి యజ్ఞనారాయణ గుమ్మం ముందు ఆగింది.

"ఎక్కు. నీ కోసం కాదు, సార్ కోసం."

"నేనూ నీ కోసం ఎక్కట్లేదులే," అంటూ యజ్ఞనారాయణ స్టిక్కర్ని ఓసారి ఉరిమి చూసి మరీ ఎక్కాడు.

దారి పొడుగునా రాష్ట్రం గురించి కొట్లాడుకున్నారు. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. వాదన ఒక కొలిక్కి రాలేదు గానీ, సర్వపిండి డబ్బా మాత్రం పెద్దదైంది. ఓ రోజు సిగ్నల్ దగ్గర వెనక నుంచి వినిపించింది.

"ఆ రోజు బండరాళ్ల మాట అనకుండా ఉండాల్సింది రా."

రవీందర్ కళ్లు చెమర్చాయి. దుమ్ము పడినట్టు తుడుచుకున్నాడు.

"మూట మాట నేనే ముందన్న. జర మాఫ్ చెయ్యి."

నలభై రోజులూ గడిచాయి. సార్ గెలిచాడు. ఈ శుభవార్త ఆయన భార్యకు తామే చెప్పాలని, ఆదివారం సాయంత్రం మైసూర్‌పాక్ కట్టించుకుని చందానగర్ వెళ్లారు. తలుపు తీసింది ఎస్తేరు.

"రవీందర్, యజ్ఞనారాయణ మీరే గదా? ఒక్క బండి మీదనే వచ్చిన్రా!" ఆమె మొహం విప్పారింది. "మీరిద్దరు మాట్లాడుకుంటలేరని, కొత్తల ఈయనకు ఒకటే ఫికర్. అన్నం గూడ సరిగ తినకపోయేది."

ఇద్దరూ సిగ్గుతో తలలు దించుకున్నారు. ఆమె వెనకాల మోషే సార్ గబగబా వచ్చి, చేతులూపుతూ భార్యకు ఏవో సైగలు చేయబోయాడు. ఆమె చూస్తేగా!

"ముందు నోరు తీపి చేసుకోండి మేడమ్," అంటూ యజ్ఞనారాయణ పెట్టె తెరిచాడు. "సార్ సిగరెట్లు పూర్తిగా మానేశారండి. మేమిద్దరం దగ్గరుండి మాన్పించాం."

ఎస్తేరు మైసూర్‌పాక్ ముక్క చేత్తో పట్టుకునే మొగుడి వైపు తిరిగి, "చిన్నప్పటి సంది ఉబ్బసంతోని, దోమల కాయిల్ పొగకే ఇంట్లకెళ్లి బయటికి ఉరికే మనిషివి, అసలు సిగరెట్ తాగుడు ఎప్పుడు మొదలువెట్టినవయ్యా?" అంది.