మొదటి చెయ్యి

గురువారం పదకొండింటికి ఒక ముసలాయన ఫ్యాక్టరీ షోరూం కౌంటరు మీదుగా చెయ్యి చాపి, వెనక తనిఖీ బల్ల మీదున్న నమూనా లెన్సు అందుకున్నాడు.

ఆ బల్ల దగ్గర లెన్సులు తనిఖీ చేసే మిసుజు ఆ చేతిని పట్టుకుని పక్కకు తోసేసింది.

"అది ముట్టుకోకూడదండీ తాతగారూ. షోకేసులోవి ఎన్నయినా తిప్పి చూసుకోండి."

అప్పటికే ఆయన దాని ఫోకస్ రింగును ఒకసారి తిప్పేశాడు.

"వదులైపోయిందమ్మా," అన్నాడు.

మిసుజుకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఎప్పుడో మూతబడిన లిండ్‌హోల్ట్ అనే జర్మన్ కంపెనీ పేరు కొనుక్కుని, ఆ పేరుతో ఫిల్ము కెమెరాలూ, చేత్తో ఫోకస్ చేసుకునే లెన్సులూ తయారుచేసే ఫ్యాక్టరీ అది. ఫోన్లో ఫోటోలు తీసుకునే రోజుల్లో వీటి మొహం ఎవరు చూస్తారని నగానో ఊరి జనం మొదట్లో నవ్వుకున్నారు. చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. అదీ ఆ రింగు తిరిగే తీరు కోసమే. చిక్కటి తేనెలో గరిటె తిప్పినట్టుండాలి.

తిప్పేటప్పుడు వేళ్లకు తెలిసే ఆ బరువు కొలిచే యంత్రాలకు అందదని కంపెనీ నమ్మకం. అందుకే పొద్దున ఎనిమిదింటికి, రేడియో పాటకు అందరూ కలిసి చేసే వ్యాయామం కాగానే, తనిఖీ బల్ల దగ్గరి పన్నెండు మందీ వరసగా వచ్చి, కళ్లు మూసుకుని, నమూనా లెన్సు రింగును మూడేసి సార్లు తిప్పుతారు. ఆ బరువు వేళ్లకెక్కాకే కొత్త లెన్సుల జోలికి వెళతారు. ఇరవై రెండేళ్లుగా ఇదే ఆచారం. ఆ నమూనాకు వాళ్లు పెట్టుకున్న పేరు 'మొదటి చెయ్యి'. దాన్ని ఎవరు చేశారో ఇప్పుడున్న వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

"కొలబద్దే అది. కొలబద్ద వదులవడమేంటండీ?" అంది మిసుజు.

"నేనూ ఇక్కడ పనిచేసినవాణ్ణేనమ్మా."

ఆ ఊళ్లో సగం మంది తాతలు అక్కడ పనిచేసినవాళ్లే. మిసుజు ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఆయన సంచిలోంచి చేతిగుడ్డలో చుట్టిన లెన్సు ఒకటి తీసి, ఒక్కసారి తిప్పి చూడమన్నాడు. బయటి లెన్సు బల్ల మీద పెట్టకూడదు. పెద్దాయన కదా అని నిలబడే అర చుట్టు తిప్పింది. గట్టిగా ఉంది.

"బిగుసుకుపోయింది తాతగారూ. వాడకుండా బీరువాలో పడేసినట్టున్నారు."

"అవును, వాడలేదు. వాడకూడదనే," అన్నాడాయన.

మధ్యాహ్నం సోబా నూడుల్స్ తింటూ ఈ మాట చెబితే బల్లంతా నవ్వింది. మిసుజు మాత్రం ఎక్కువసేపు నవ్వలేకపోయింది. వేసవి నుంచి లెన్సులు తిరిగొస్తున్నాయి. కోటు అంచు తగిలినా రింగు జరిగిపోతోందట, ఫోకస్ చెదిరిపోతోందట. మిగతావాళ్లు తనిఖీ చేసినవి ఒకటో రెండో. తనిఖీ చీటీ మీద మిసుజు పేరు ఎర్ర ముద్ర ఉన్నవి ఏడు. ఇంకొక్కటి వస్తే ప్యాకింగుకు మార్చేస్తానని సెక్షన్ అధికారి హోషినా చెప్పేశాడు. ఆయన ప్రధాన కార్యాలయం నుంచి వచ్చి నాలుగేళ్లే అయింది. తొమ్మిదేళ్లు కష్టపడి తయారుచేసుకున్న చెయ్యి ఆమెది. అట్టపెట్టెలకు టేపు అంటించడానికి కాదు.

భయంతో ఆమె నమూనాను మూడుసార్లు కాక పదేసి సార్లు తిప్పడం మొదలుపెట్టింది.

ముసలాయన తరవాతి గురువారమూ వచ్చాడు. ఆ పై గురువారమూ వచ్చాడు. అదే చేతిగుడ్డ, అదే మాట. హోషినా చూసి, ఆయన్ని మర్యాదగా వదిలించుకోమన్నాడు. ఏదైనా ఉంటే ఇకమీదట సర్వీసు విభాగానికి ఉత్తరం రాయమని మిసుజు చెప్పింది. ఆయన తలవంచి, కౌంటరు మీద నాలుగు ఆపిల్ పళ్లు పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఎనిమిదో లెన్సు డిసెంబరులో వచ్చింది. కొత్త సంవత్సరం సెలవులు కాగానే మిసుజు ప్యాకింగులో చేరింది.

ఫిబ్రవరిలో ఒకామె ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఆపిల్ తోట మట్టి ఇంకా బూట్లకు ఉంది. నాన్నగారు పోయిన నెల కాలం చేశారనీ, కౌంటరు దగ్గరి అమ్మాయికే ఇవ్వమని మరీ మరీ చెప్పారనీ అంది. చేతిగుడ్డ విప్పితే ఆ లెన్సే.

వెనకవైపు సీరియల్ నంబరు లేదు. సూదితో గీసిన రెండు గీతలున్నాయి.

మిసుజు పరుగున బల్ల దగ్గరికి వెళ్లి 'మొదటి చెయ్యి'ని తిరగేసి చూసింది. అక్కడ ఒక గీత ఉంది. ఇన్నేళ్లూ దాన్ని చూసి దెబ్బ తగిలిందనుకున్నారు.

హోషినా రెండింటినీ పక్కపక్కన తిప్పాడు. మళ్లీ తిప్పాడు. కొత్త లెన్సులన్నీ వదులుగా ఎందుకు వెళుతున్నాయో ఆయన వేళ్లకు అప్పుడు అర్థమైంది. రోజూ పన్నెండు మంది భక్తిగా తిప్పి తిప్పి నమూనానే అరగదీశారు. దాన్ని అందరికంటే నిజాయితీగా అనుసరించిన చెయ్యి మిసుజుది కాబట్టి, అందరికంటే ఎక్కువగా ఆమెవే తిరిగొచ్చాయి.

"రేపటి నుంచి మీ బల్ల దగ్గరికి వచ్చేయండి," అన్నాడు నేల చూస్తూ.

మిసుజుకు సంతోషం కలగలేదు. గుడ్డ మడతలో పాత తనిఖీ చీటీ ఒకటి ఉంది, ఇరవై రెండేళ్ల కిందటి తేదీతో. "రెండూ ఒకే రోజు చేశాను. ఒకటి అందరూ తిప్పడానికి. రెండోది ఎవరూ తిప్పకుండా దాచడానికి. మొదటిది వదులైన రోజున దీన్ని తెస్తాను."

కింద రంగు వెలిసిన ఎర్ర ముద్ర, ఆ ముసలాయన పేరుతో. తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని ఆమె నేర్చుకున్న చెయ్యి, ఆ గురువారం కౌంటరు మీంచి తాను తోసేసిన చెయ్యే.