తడిక చాటు వైద్యం

ఏ అడవని అడక్కండి గానీ, అక్కడ ఒక ఎలుగుబంటి ఆసుపత్రి నడిపేది. దిగిన ముల్లు తీయడంలో ఆ ఆసుపత్రి వడ్రంగిపిట్టకు సాటి లేదు. కాకపోతే అది మోదుగాకుల తడిక అడ్డం పెట్టుకునే పని చేసేది. ముల్లు ఎలా తీస్తుందో ఇంకెవరికీ తెలియదు.

ఒకనాడు పిట్టకు జ్వరమొచ్చి గూట్లోంచి లేవలేకపోయింది. ఆ పూటే ఒక జింక, కాలిలో తుమ్మముల్లు విరిగిన పిల్లను తీసుకొచ్చింది. సాయానికున్న కుందేళ్లు తలా ఒక చెయ్యి వేసి ముల్లును ఇంకా లోపలికి దిగేలా చేశాయి. పిల్ల ఏడుపు వినలేక ఎలుగు పిట్ట గూటి కిందికి పరుగెత్తింది. దాని మనసు మంచిదే, ముందు నోరు లేస్తుందంతే.

"నీ విద్య నీతోనే పోవాలా? నలుగురికీ నేర్పితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచింది.

"అయ్యా, ముంగిస నేర్పింది కదా," అంది పిట్ట నీరసంగా. "పాముకాటు మందులన్నీ కుందేళ్లకు విప్పి చెప్పింది. అవి నేర్చుకోగానే, ఇక నీతో పనేముందని తమరే పంపించేశారు."

ఎలుగు తిన్నగా ముంగిస బొరియ దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదే. తెలిసింది పంచిపెట్టినందుకు నిన్ను వెళ్లగొట్టాను. రా, ఇకనుంచి నేర్పడమే నీ పని," అని బతిమాలి వెంటబెట్టుకొచ్చింది.

ముంగిస మళ్లీ ఆసుపత్రి గడప తొక్కడం పిట్ట గూట్లోంచి చూసింది. ఒళ్లు వణుకుతున్నా కిందికి దిగి, జింకపిల్ల పక్కన కూర్చుని కుందేళ్లను పిలిచింది.

"ముందు ఆ తడిక తీసేయండి," అంది. "అది అడ్డముంటే మీకెలా కనబడుతుంది?"