మెట్ల కింద నీడ ఎవరిది?

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, పళ్ల డాక్టరుకు ఆ రోజు ముద్ద ఎందుకు దిగలేదో చెబుతాను.

ఆ అపార్టుమెంటులో పెద్ద బైకులు రెండే. ఊళ్లకు ఊళ్లు దాటి పరుగెత్తడానికి చేసిన స్పోర్ట్ టూరింగ్ బళ్లు. ఒకటి డాక్టరుది, రెండోది పై అంతస్తు లాయరుది. డాక్టరు బండి వీధి చివర క్లినిక్ దాకా వెళ్లేది. లాయరు బండి కూరగాయల కొట్టు దాకా వెళ్లేది. అంతకు మించి ఏ బండీ ఏ ఊరూ ఎరగదు.

గొడవ మాత్రం దేశాలు తిరిగొచ్చినంత. పదకొండేళ్లలో తన బండి ఒక్కసారీ మొరాయించలేదని డాక్టరు. రెండువందల డెబ్భై కిలోలుంటే అది బండా, రోడ్డు రోలరా అని లాయరు. తనది నూట తొంభయ్యే, పువ్వులా ఉంటుందట. పువ్వే, కాకపోతే నెలకు పదిరోజులు మెకానిక్ దగ్గరే పూస్తుందని డాక్టరు.

ఆవరణలో ఎండ పడని చోటు ఒక్కటే, మెట్ల కింద. అందులో డాక్టరు బండి ఉండేది. ఎవరి బండి గొప్పదని తేలితే ఆ చోటు వాళ్లదని పందెం. ఏడాదైనా తీర్పు చెప్పేవాడు దొరకలేదు.

చివరికి దొరికాడు. మూడో అంతస్తులో అద్దె ఇల్లు చూడటానికి వచ్చిన కళ్లజోడు పెద్దమనిషి. బళ్ల ముందు గొంతుక్కూర్చుని చెయిన్ నుంచి క్లచ్ దాకా తడిమి చూశాడు. ఇంకేముంది, ఇద్దరూ ఆయన చేతిలో కాఫీ పెట్టి కదలనివ్వలేదు.

డాక్టరు బండి మొదటి నొక్కుకే పలికింది. లాయరుది నాలుగో నొక్కుకూ దగ్గుతూనే ఉంది. డాక్టరు మీసం దువ్వాడు.

“దారిలో ఆగిపోయిందనుకోండి. వ్యానులోకి ఎక్కించాలంటే ఎంతమంది కావాలి?” అన్నాడు పెద్దమనిషి.

“నాది ఆగదండీ.”

“ఆగితే అని కదా డాక్టరుగారూ అడుగుతున్నారు. అడిగినదానికి చెప్పండి,” అన్నాడు లాయరు, కోర్టులో ఎప్పుడూ లేనంత గట్టిగా.

లాయరు బండిని లాయరు ముందు, పెద్దమనిషి వెనక పట్టుకుంటే బెత్తెడు లేచింది. డాక్టరు బండి ఇద్దరూ ఎంత మూలిగినా కదల్లేదు.

“రేపు మధ్యాహ్నానికి తేల్చేస్తాను,” అని ఖాళీ కప్పు చేతికిచ్చి వెళ్లాడాయన.

అన్నట్టే తేల్చేశాడు. మర్నాడు మధ్యాహ్నం లాయరు అంతస్తులన్నీ ఎక్కి దిగి, తలుపు తలుపూ తట్టి చెప్పాడు. “బళ్ల గురించి అంత తెలిసినవాడు. నాదే ఎంచుకున్నాడు.”

డాక్టరు కిందికొచ్చి చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

“పోనీలెండి, మన బండి మనకుందిగా,” అంది భార్య.

“అదేనే నా ఖర్మ,” అన్నాడు.

కంచం ముందు కూర్చుని అలాగే లేచాడు. రెండువందల డెబ్భై కిలోలూ ఒక్కడే తోసుకుంటూ ఎండలోకి తెచ్చాడు. లాయరు బ్రష్షు పట్టుకుని మెట్ల కింద గోడ మీద తన పేరు రాసుకున్నాడు.

గుర్తుపెట్టుకుని మరో నలుగురికి చెప్పండి: లాయరు ఆ పేరు దిద్దుకుంటున్న వేళకు, కళ్లజోడు పెద్దమనిషీ వాడి తోడుదొంగా కలిసి వ్యానులోకి ఎత్తేసిన లాయరు బండి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊరు దాటుతోంది.